అమ్మ పుట్టింటి పేరు అతి గోప్యం

మా సిరిలంక పట్టణ సహకార బ్యాంకు అధ్యక్షుల వారి తోడల్లుడు భాస్కరరామం గారికి ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. "నమస్కారం భాస్కరరామం గారూ, మీరు కరెంటు బిల్లు కట్టలేదు, సాయంత్రానికి ఫ్యూజు పీకేస్తాం, ఇప్పుడు పంపే లింకు నొక్కండి" అన్నాడు అవతలివాడు. భాస్కరరామం గారు నొక్కారు. ఓటీపీ వచ్చింది, చెప్పారు. వాడు సరిగ్గా వినబడలేదన్నాడు. ఈయన వీధిలోకి వచ్చి మరీ గట్టిగా చెప్పారు. అయిదు నిమిషాల్లో ఖాతా తుడిచిపెట్టుకుపోయింది.

ఇంకెవరికైనా ఇలా జరిగి ఉంటే, చదువుకున్నవాడివి ఆమాత్రం తెలియదా అని నాలుగు చీవాట్లు పెట్టి పంపేసేవాళ్ళం. అధ్యక్షుల వారి తోడల్లుడు కాబట్టి 'వ్యక్తిగత ఆర్థిక సమాచార పరిరక్షణ ఉపసంఘం' వేశాం. దానికి అధిపతి మా జనరల్ మేనేజరు ముక్కామల పుండరీకాక్షం గారు. సమావేశాల మినిట్సు రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. నా పేరు సన్యాసిరాజు. బ్యాంకులో లాకర్ల గది గుమస్తాని. దస్తూరి బాగుంటుందన్న పాపానికి ఎవరు ఏది రాయాల్సి వచ్చినా నన్నే పిలుస్తారు.

మూడు సమావేశాలు, పదకొండు ప్లేట్ల పకోడీ అయ్యాక పుండరీకాక్షం గారు తమ నిర్ధారణ వినిపించారు.

"దొంగ మొట్టమొదట ఏమన్నాడు? 'భాస్కరరామం గారూ' అన్నాడు. పేరు తెలియకపోతే గారు అనలేడు. గారు అనకపోతే మన భాస్కరరామం గారు లింకు నొక్కరు, ఫోను పెట్టేస్తారు. కావున ఈ ఉపసంఘం అభిప్రాయంలో నేరానికి మూలం లింకు కాదు. పేరు."

"అయ్యా, ఓటీపీ ఆయనే చెప్పారు కదండీ" అన్నాను నేను, బుద్ధి గడ్డి తిని.

ఆయన నావైపు జాలిగా చూశారు. "రాజూ, అది సంఘటన. మనం పరిశీలిస్తున్నది నేపథ్యం."

నేపథ్యం పరిశీలించగా భయంకరమైన విషయం బయటపడింది. మా బ్యాంకులో ఖాతాదారు తానే తానని రుజువు చేసుకోవడానికి ఒక రహస్య ప్రశ్న ఉంది. 'మీ తల్లిగారి పుట్టింటి పేరు ఏమిటి?' పైనుంచి వచ్చిన ఫారంలో అలా ఉంది కాబట్టి మేమూ పెట్టుకున్నాం. ఇది ఎంత రహస్యంగా ఉందో కనుక్కోమని నన్ను ఊళ్ళోకి పంపారు. నేను బజారులో కూరగాయల దుకాణం ముందు నిలబడి వచ్చినవాళ్ళనల్లా, "మా జనరల్ మేనేజరు గారి తల్లి పుట్టింటివారు ఎవరు?" అని అడిగాను. నలభైమంది నలభైమందీ చెప్పారు. ఇద్దరు ఆవిడ పెళ్ళిలో గుమ్మడికాయ పులుసు ఉడకలేదని కూడా చెప్పారు.

ఆ నివేదిక చదివి పుండరీకాక్షం గారికి రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడోరోజున నలభై ఆరు 'రక్షా సూత్రాలు' వెలువడ్డాయి. అవన్నీ బోర్డు మీద రాయించి బ్యాంకు గోడకు కొట్టించాం. అన్నిటికీ తలకాయ వంటిది ఏడో సూత్రం: 'ఏ ఖాతాదారు రహస్య సమాధానమైనా బహిరంగమైనట్లు బ్యాంకు దృష్టికి వచ్చిన యెడల, సదరు ఖాతాదారు శ్రేయస్సు దృష్ట్యా, అతని ఖాతాకును, లాకరుకును విశ్రాంతి కల్పించబడును.'

విశ్రాంతి అంటే మరేం లేదు. డబ్బు వెయ్యవచ్చు, తియ్యకూడదు. లాకరు అద్దె కట్టవచ్చు, తెరవకూడదు.

ఇక చూడండి. మన ఊళ్ళలో మనిషి పుట్టిన దగ్గర్నుంచీ పేరు దాచుకున్నది ఎప్పుడు గనక? స్టీలు చెంబు కొన్నా పేరు, తారీఖు కొట్టించుకుంటాం. పుట్టినరోజు వస్తే నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టిస్తాం. రిటైరయిన మాస్టారొకాయనకు శిష్యులు అభిమానంతో ఫ్లెక్సీ కట్టి, దానిమీద ఆయన తాతముత్తాతలనీ మేనమామలనీ వేయించారు. సాయంత్రానికి ఆయన పెన్షను ఖాతాకు విశ్రాంతి దొరికింది. ఒకావిడ పురిటికి వచ్చిన కూతురి బిడ్డకు బారసాల చేసి బంధువుల పేర్లతో సహా ఫోటోలు ఫోనులో పెట్టింది. మూడు తరాల ఖాతాలు ఒకేసారి పడుకున్నాయి. నెల తిరక్కుండా రెండు వందల పన్నెండు ఖాతాలు విశ్రమించాయి. "మోసాలు సున్నా" అని పుండరీకాక్షం గారు పై ఆఫీసుకు రాశారు. నిజమే. యజమానికే ఇవ్వని డబ్బు దొంగకు మాత్రం ఎలా ఇస్తాం?

సరిగ్గా ఆ రోజుల్లోనే కడలి మంగతాయారు కూతురి పెళ్ళి కుదిరింది.

మంగతాయారుది బ్యాంకు ఎదురుగా టిఫిను దుకాణం. పుండరీకాక్షం గారితో సహా మా సిబ్బంది అంతా పొద్దున్నే ఆవిడ పెసరట్టు తిన్నాకే బ్యాంకు తలుపులు తీసేవాళ్ళం. భర్త ఆటో తోలతాడు, మాట తక్కువ. కూతురు ప్రవల్లిక నర్సు. ఆ పిల్ల కోసం మంగతాయారు ఆరేళ్ళు అట్లు పోసి పుట్టింటి పుస్తె, నానుతాడు చేయించి మా లాకరులో పెట్టుకుంది. పుస్తెలు రెండు కదా. మెట్టినింటి పుస్తె పెళ్ళికొడుకు వాళ్ళు తెస్తారు. పుట్టింటి పుస్తె ఈవిడ తేవాలి. ఆ ఒక్కటీ చూసుకోవడానికి ఆవిడ అప్పుడప్పుడు లాకరు తీయించుకుని, ముట్టుకుని, మళ్ళీ మూసేసి వెళ్ళిపోయేది.

పెళ్ళి ఎనిమిది రోజులుందనగా బొట్టుపెట్టెతో, శుభలేఖలతో బ్యాంకుకు వచ్చింది.

"మేనేజరు గారూ, మీరు తప్పకుండా రావాలండి, ఆయ్. అలాగే లాకరు తీయించండి, పుస్తె పట్టుకెళ్తాను" అంది.

పుండరీకాక్షం గారు శుభలేఖ అందుకుని చదవసాగారు. నాలుగో వరుస దగ్గర ఆగిపోయారు. అక్కడ వధువు అమ్మమ్మ, తాతయ్యల పేర్లు ఊరితో సహా ఉన్నాయి. ఆ కింద, 'మా వదిన పెళ్ళికి అందరూ రండి' అన్నట్టు మేనమామల పిల్లల పేర్లు, వాటికి తోడు 'కొప్పిశెట్టి వారి ఆడపడుచు' అని అమ్మమ్మ గారి పుట్టింటి పరిచయం.

"అమ్మా, ఇవి ఎన్ని వేయించారు?"

"వెయ్యండి. తొమ్మిది వందలు పంచేశాను."

"అనగా తమ రహస్య సమాధానమును తామే తొమ్మిది వందల ప్రతులలో, ఆర్టు కాగితముపై, పసుపు రాసి పంచారు." ఆయన శుభలేఖను రెండువేళ్ళతో ఎత్తి నాకిచ్చారు. "రాజూ, ఏడో సూత్రం."

మంగతాయారుకు సంగతి అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది.

"అదేటండీ! నా పుస్తె నాకివ్వరా?"

"ఇవ్వం అనలేదు. విశ్రాంతి."

"బాబ్బాబు, నన్ను మీరెరగరేటండీ? పొద్దున్నే రెండు పెసరట్లు, అల్లప్పచ్చడి ఎక్కువేయించుకుని తిన్నారు కదండీ."

"మొహమును చూసి నమ్మరాదు. ఇరవై ఒకటో సూత్రము" అన్నారాయన బోర్డు చూపిస్తూ. "మీరు మంగతాయారే అని నాకు తెలుసు. బ్యాంకుకు తెలియదు."

"నన్నెవడూ మోసం సెయ్యలేడండి. మొన్నొకడు బ్యాంకు నుంచని ఫోన్జేసి ఓటీపీ సెప్పమన్నాడు. ఎవడడిగినా సెప్పకూడదంట కదా, నేను సెప్పనన్నాను. మళ్ళీ చేశాడు. పెసర పిండి రుబ్బుతున్నాను, పెట్టెయ్ అన్నాను. అంతే కదండీ, ఇంక దీనికింత బోర్డెందుకండీ?"

పుండరీకాక్షం గారు చిరునవ్వు నవ్వి, కాగితం మీద 'ఖాతాదారుకు అవగాహన స్వల్పం' అని రాసుకున్నారు.

ఊళ్ళో దొంగకు బుద్ధి చెప్పిన ఒకే ఒక మనిషికి తాళం వేశాం. ఆ సంగతి రిజిస్టరులో ఎక్కించింది కూడా నేనే. ప్రమోషను లిస్టు ఉపసంఘం దగ్గరే ఉంది మరి.

"దీనికేటండీ దారి?" అంది ఆవిడ.

"రహస్యము బయటపడినప్పుడు దానిని మార్చవలెను. ముప్పయ్యో సూత్రము. తాము తల్లిగారి పుట్టింటి పేరు మార్చుకుని రండి."

"మా అమ్మ పుట్టి ఎనభయ్యేళ్ళైందండి. ఇప్పుడు మళ్ళీ ఎవరింట్లో పుట్టమంటారు?"

ఈ ప్రశ్న న్యాయమైనదేనని ఉపసంఘం అదే సాయంత్రం అత్యవసరంగా కూర్చుని ఒప్పుకుంది. పుట్టిల్లు మార్చుకోలేని తల్లులకు బ్యాంకే పుట్టిల్లు కేటాయించాలని తీర్మానించింది. కంప్యూటరు ఒక ఇంటిపేరు తీస్తుంది. దానిని సీలు కవరులో పెట్టి ఇస్తాం. ఖాతాదారు ఒంటరిగా చదివి, గుర్తుపెట్టుకుని, కాగితం చింపి నీళ్ళలో కలపాలి. కొత్త పుట్టిల్లు ఎనిమిదో నాటి ఉదయం ఆరు గంటల నుంచి అమల్లోకి వస్తుంది. ఆ తీర్మానం నా చేత్తోనే రాశాను. దస్తూరి చాలా బాగా వచ్చింది.

కవరు ఇవ్వడానికి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. మంగతాయారు తల్లి మహలక్ష్మమ్మ గారు అరుగు మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తున్నారు. విషయం విని ఆవిడ కత్తిపీట పక్కకు నెట్టారు.

"నేనెవరింటి పిల్లనో మీ బ్యాంకోడు సెప్తాడా? మా నాన్న కొప్పిశెట్టి వీర్రాజు. మా లంకలో ఆయన పేరు సెబితే పడవోడు డబ్బులు పుచ్చుకునేవోడు కాదు. ఆ పేరు తీసేసి కవర్లో ఇంకోటెట్టి తెచ్చేవా? సిగ్గులేదూ?"

"అమ్మా, ఇది కేవలం బ్యాంకు వ్యవహారాల నిమిత్తం…"

"నీ నిమిత్తం తగలెయ్య."

మంగతాయారు తల్లిని ఊరుకోబెట్టి, కవరు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. చదివింది. చింపింది. బయటకు వచ్చేసరికి కళ్ళు తుడుచుకుంటోంది. "పుస్తె కోసం, అమ్మా" అంది. ముసలావిడ మళ్ళీ చింతకాయ పట్టుకోలేదు.

బ్యాంకు షరతు ప్రకారం శుభలేఖలు రెండోసారి అచ్చువేయించారు. 'మా కుమార్తె వివాహం మీకు తెలిసిన వరునితో, మీరు ఊహించగల ముహూర్తమునకు' అని మాత్రమే ఉంది. ముహూర్తం తేదీ కూడా వెయ్యకూడదన్నాం, పెళ్ళిరోజు తారీఖునే చాలామంది పిన్ను నంబరుగా పెట్టుకుంటారని. పుండరీకాక్షం గారు ఆ ఖాళీ శుభలేఖను ఫ్రేము కట్టించి తమ గదిలో పెట్టుకున్నారు.

లెక్క ప్రకారం కొత్త పుట్టిల్లు సరిగ్గా పెళ్ళిరోజున, ఆదివారం పొద్దున్న, అమల్లోకి వచ్చింది. ఆదివారం బ్యాంకు లేదు. అప్పుడు పుండరీకాక్షం గారు గొప్ప ఔదార్యం చూపించారు. శుక్రవారం నాడే మంగతాయారు తాళంచెవితో, నా తాళంచెవితో లాకరు తీయించి, పుస్తె, నానుతాడు తూకం వేయించి, లక్క సీళ్ళు వేసిన కవరులో పెట్టారు. ఆదివారం తామే స్వయంగా మండపానికి తెచ్చి, రహస్య సమాధానం విని, అక్కడికక్కడే అప్పగిస్తామన్నారు. 'రాష్ట్రంలోనే మొదటి సురక్షిత వివాహం' అని పై ఆఫీసుకు పంపడానికి ఫోటోగ్రాఫరును కూడా మాట్లాడారు.

ఆదివారం ముహూర్తం పదింటి నలభై రెండు నిమిషాలకు. కల్యాణ మండపం ముందు పేర్లు లేని ఫ్లెక్సీ ఒకటి గాలికి ఊగుతోంది. పెళ్ళికొడుకు మేనత్తలు దాన్ని చూసి ఎవరిదో అనుకుని, పక్క హాల్లో జరుగుతున్న ఓణీల ఫంక్షనుకు వెళ్ళి టిఫిన్లు చేసి, పిల్లని ఆశీర్వదించి, మన పిల్ల మరీ పొట్టిగా ఉందే అనుకుంటూ కూర్చున్నారు. వాళ్ళని వెతికి తెచ్చేసరికి కన్యాదానం అయిపోయింది. గోత్రాలూ ప్రవరలూ పురోహితుడి చేత గుసగుసగా చెప్పించాం. దేవతలకు వినబడిందో లేదో నేను చెప్పలేను.

మాంగల్యధారణకు ముందు పుండరీకాక్షం గారు కవరు పట్టుకుని మండపం ఎక్కారు. వెనక నేను రిజిస్టరుతో. ఆయన మంగతాయారు చెవి దగ్గరకు వంగి అడిగారు.

"తల్లిగారి పుట్టింటి పేరు?"

మంగతాయారు నోరు తెరిచింది. చుట్టూ ఉన్న జనాన్ని చూసింది.

"సెప్పకూడదండి" అంది.

"ఏమిటీ?"

"మీ బోర్డు మీద పంతొమ్మిదోది. బ్యాంకు నుంచి అని చెప్పి ఎవరు అడిగినా, ఎక్కడ అడిగినా, సమాధానం చెప్పరాదు. మా పిల్ల సదివి సెప్పింది. రోజూ అనుకుంటున్నాను, మరచిపోకుండా."

"అమ్మా, నేను జనరల్ మేనేజరుని!"

"ఫోనులోవోడూ అదే అన్నాడండి."

ఆయన జేబులోంచి గుర్తింపు కార్డు తీశారు. అలాంటివి దొంగలూ అచ్చు వేయిస్తారని ఇరవయ్యో సూత్రంలో ఉందని ఆవిడే గుర్తు చేసింది.

"నా మొహం చూడండి! పొద్దున్నే మీ దగ్గర పెసరట్టు తినేవాణ్ణి!"

"మీరు పుండరీకాక్షం గారేనని నాకు తెలుసండి. కానీ ఇక్కడ మూడొందల మందున్నారు. ఇప్పుడు నేను నోరు జారితే, బయటపడిపోయిందని మళ్ళీ విశ్రాంతి అనేత్తారు. నా పుస్తె నేనేం సేసుకోను?"

ఆవిడ భయం నిజమైన భయం. ఆయన భయమూ నిజమైనదే, ఫోటోగ్రాఫరు తీస్తూనే ఉన్నాడు. ఆవిడ సమాధానం చెప్పకపోతే ఆయన ఇవ్వకూడదు. ఆయన బ్యాంకువాడైతే ఆవిడ చెప్పకూడదు. నలభై ఆరు సూత్రాలు రాసిన మనిషి వాటి మధ్య నిలబడి ఎటు చూసినా గోడే కనబడి చెమటలు కక్కుతున్నారు.

ఈలోగా మహలక్ష్మమ్మ గారు చేతికర్ర ఊతంగా లేచి నిలబడ్డారు. "కొప్పిశెట్టి! కొప్పిశెట్టి వీర్రాజు కూతుర్ని! ఇనబడిందా?" అని హాలంతా మారుమోగేలా అరిచారు.

పుండరీకాక్షం గారు రిజిస్టరు చూసి, "అది తప్పు సమాధానం" అన్నారు.

ఎనభయ్యేళ్ళ మనిషికి ఆవిడ పుట్టిల్లు తప్పని మొహం మీదే చెప్పడం మాలో ఎవ్వరం అంతకుముందు వినలేదు.

"అయ్యా, ఇంకా మూడు నిమిషాలే ఉంది" అన్నాడు పురోహితుడు. "మీ బ్యాంకు సోమవారం మళ్ళీ తెరుస్తారు. ఈ లగ్నం మళ్ళీ రాదు."

అప్పుడు మంగతాయారు కళ్ళు గట్టిగా తుడుచుకుంది. ఎవరితోనూ మాట్లాడకుండా వంటశాలలోకి నడిచింది. ఒక పసుపు కొమ్ము తెచ్చి, దారానికి కట్టి, మెట్టినింటి బంగారు పుస్తె పక్కన చేర్చి కొబ్బరిబోండం మీద పెట్టింది. "పుట్టింటిది ఇదేనండి. కట్టించండి" అంది. వియ్యపురాలు ఏమంటుందోనని నేను బిక్కచచ్చి చూశాను. ఆవిడ లేచి వచ్చి మంగతాయారు భుజం మీద చెయ్యి వేసింది. బాజాలు మోగాయి. పదింటి నలభై రెండుకు ప్రవల్లిక మెడలో ఒకవైపు బంగారం, ఒకవైపు పసుపు కొమ్ము పడ్డాయి. అక్షింతలు వెయ్యడానికి నాకు చెయ్యి లేవలేదు. సిగ్గేసింది.

పెళ్ళి అయిపోయింది. కవరు మాత్రం పుండరీకాక్షం గారి చేతిలోనే ఉంది. తిరిగి బ్యాంకులో పెడదామంటే, బయటకు పంపినట్టు రిజిస్టరులో ఎక్కిపోయింది. లోపలికి తీసుకోవాలంటే ఖాతాదారు రహస్య సమాధానం చెప్పి ఒప్పుకోవాలి. ఇంటికి తీసుకువెళ్తే దొంగతనం. ఆయన భోజనానికి కూర్చోలేదు. కవరును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ మండపం చుట్టూ మూడుసార్లు తిరిగారు. మూడో ప్రదక్షిణలో ఆయన మొహం వెలిగింది.

"రాజూ, బ్యాంకు అధికారిగా అప్పగించరాదు. కాని అతిథిగా ఇచ్చుటను ఏ సూత్రమూ నిషేధించలేదు!"

అని చదివింపుల బల్ల దగ్గరకు నడిచారు. చదివింపులు రాసే ఆయన భోజనానికి లేవడంతో, దస్తూరి బాగుంటుందని అప్పటికే నన్ను కూర్చోబెట్టారు. మైకు పట్టుకున్న పెళ్ళిపెద్ద కవరు అందుకుని సీలు విప్పి, "పేరండీ?" అన్నాడు. పుండరీకాక్షం గారు అటూ ఇటూ చూసి, "అతిథి అని చదవండి" అన్నారు.

"పేరు లేకపోతే ఎవరిదని రాసుకోవాలండీ? పేరు చెప్పండి, లేదంటే పట్టుకెళ్ళండి."

పట్టుకెళ్ళడం అన్న మాట వినగానే ఆయన గబగబా పేరూ ఊరూ చెప్పేశారు. మైకు గొంతెత్తింది. "ముక్కామల పుండరీకాక్షం గారు, సిరిలంక, పెళ్ళికూతురికి చదివించిన బంగారు పుస్తె ఒకటి, నానుతాడు ఒకటీ!" జనం వెనక్కి తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. ఫోటోగ్రాఫరు ఆయన్ని నవ్వమన్నాడు, ఆయన నవ్వారు.

మంగతాయారు బల్ల దగ్గరకు వచ్చింది. నానుతాడు తీసి గుండెకు ఆనించుకుంది. తర్వాత నా ముందున్న పుస్తకంలోకి వంగి చూసింది.

"రాసేరా రాజు గారూ? తూకం కూడా రాయండి."

"తూకం ఎందుకమ్మా?"

"ఆరికిద్దరాడపిల్లలు కదండీ. రేపు ఆరింట్లో పెళ్ళైతే మనం తిరిగి సదివించాలి కదా."

"అమ్మా, అది మీ బంగారమే" అన్నాను.

"నిజమేననుకోండి. కానీ ఆరి పేరున సదివేసేరు కదండీ, ఊరంతా ఇన్నారు. మాట పడలేం" అంది.

వెటకారమేమోనని తలెత్తి చూశాను. కాదు. ఆవిడ అప్పుడే మనసులో లెక్కవేసుకుంటోంది, ఇంకా ఎన్నేళ్ళు అట్లు పోస్తే అవుతుందా అని. నేను తల వంచుకుని, పుండరీకాక్షం గారి పేరుకు ఎదురుగా, నా మంచి దస్తూరితో, రెండున్నర కాసులు అని రాశాను.